పళ్ళు కలిసిన కాగితం

జెరెడ్ ఫౌలర్ రోజూ పొద్దున్నే రొట్టె తుంచబోయే ముందు తన కష్టాలు ఏకరువు పెట్టేవాడు. న్యూయార్క్‌లో ఇటుకల ఇల్లు, నదివైపు ఆపిల్ తోట, రెండు గుర్రాల బండి. యుద్ధంలో రాజుగారికి ద్రోహం చెయ్యనన్నందుకు, స్వాతంత్ర్యం అంటూ లేచిన తిరుగుబాటుదార్లు ఒక దొంగ కాగితం చూపించి అన్నీ లాగేసుకున్నారు. ఓడెక్కి వచ్చి, ఉత్తరాన ఇంకా రాజుగారి ఏలుబడిలోనే ఉన్న ఈ షెల్‌బర్న్ రేవులో దిగి ఎనిమిదేళ్ళయింది. ఎనిమిదేళ్ళుగా చెల్లెలు కెజియా ఎదురుగా కూర్చుని అదే కథ వింటోంది. మొదట్లో ఆమెకు ఏడుపొచ్చేది, తర్వాత విసుగొచ్చింది. ఈమధ్య ఆ గొంతు చెవిన పడితే చాలు, బల్ల దగ్గరనుంచి లేచిపోవాలనిపిస్తోంది.

ఊరంతా అదే వరస. దిగిన కొత్తలో ఇది రెండో న్యూయార్క్ అయిపోతుందన్నారు. ఈ రాళ్ళ నేలలో గోధుమ మొలవదని తెలిశాక సగం మంది మూటాముల్లె సర్దుకుని పోయారు. మిగిలినవాళ్ళు పోయినవాళ్ళ ఇళ్ళ తలుపులు పీకి పొయ్యిలో పెట్టుకుంటున్నారు. పురుగు పట్టిన ఉప్పుమాంసం నములుతూ, పేలు పట్టిన విగ్గులకు గోధుమపిండి అద్దుకుంటూ, ఎవరి ఇల్లు గొప్పదని వాదించుకుంటారు. వాదం ఇప్పుడున్న ఇళ్ళ గురించి కాదు, పోయిన ఇళ్ళ గురించి.

ఫౌలర్ గారింట్లో వంట, బట్టలు, కట్టెలు, సమస్తం డోర్కాస్ మీదే నడిచేది. కరోలినాలో ఒక తిరుగుబాటుదారుడి దగ్గర బానిసగా పుట్టిన మనిషి. తమవైపు వచ్చిన బానిసలకు స్వేచ్ఛ ఇస్తామని రాజుగారి సైన్యం చాటింపు వేస్తే, ఆ మాట నమ్మి అడవులకు అడ్డంపడి పారిపోయి వచ్చింది. వీళ్ళతో పాటే ఓడెక్కింది. ఆ లెక్కన ఆమె కూడా రాజుగారిని నమ్ముకుని దేశం విడిచిందే. ఆ ముక్క జెరెడ్ ముందు ఎవరైనా అంటే కర్ర తీసుకుని లేస్తాడు.

నాలుగేళ్ళ కిందట, తిండి దొరకని చలికాలంలో, డోర్కాస్ ఒక ఏడాది పనికి ఒప్పుకుంది. అలాంటి ఒప్పందం రాసే పద్ధతి ఒకటుంది. ఒకే కాగితం మీద అదే సంగతి రెండుసార్లు రాసి, మధ్యలో రంపపు పళ్ళలా వంకరటింకరగా కత్తిరిస్తారు. చెరో సగం దాచుకుంటారు. రేపెప్పుడైనా తగువొస్తే పళ్ళకు పళ్ళు కలవాలి. జెరెడ్‌కు రమ్ముతో చెయ్యి వణుకుతుంది గనక ఆ కాగితం కెజియాయే రాసింది, సాక్షి సంతకం కూడా ఆమే చేసింది. డోర్కాస్‌కు చదువు రాదు, సంతకానికి బదులు ఒక అడ్డగీత, ఒక నిలువుగీత గీసింది.

ఏడాది తిరిగిన రోజు పొద్దున డోర్కాస్ మూట కట్టుకుని సెలవు తీసుకోవడానికి వచ్చింది. జెరెడ్ తాపీగా తన సగం తీసి బల్లమీద పరిచాడు. ఒకటి అంకెకు ముందు రెండు అంకె కూర్చుని ఉంది. ఇరవై ఒక్క ఏళ్ళు. కొత్త సిరా నల్లగా, పాత సిరా గోధుమరంగులో ఉన్నాయి. కెజియా అది చూసి, తల వంచుకుని తన పళ్ళెంలోకి చూడసాగింది. రాసిన మనిషే కాదనకపోయేసరికి డోర్కాస్ మూట మళ్ళీ విప్పుకుంది.

నోరు విప్పకపోవడానికి ఆమెకో కారణం ఉంది. యుద్ధంలో చచ్చిపోయిన ఆమె మొగుడు ఆమోస్ ఒక వేసవిలో పశువుల్ని కాపాడుకోవడానికి తిరుగుబాటుదార్ల ముందు ప్రమాణం చేశాడు. ఆ సంగతి బయటపడితే రాజభక్తుడి వితంతువుగా ఆమెకు రావలసిన స్థలం రాదు. జెరెడ్ అధికారుల ముందు బైబిల్ పట్టుకుని, మా బావ ఎన్నడూ తల వంచలేదని చెప్పాడు. ఈ ఊళ్ళో అందరూ ఒకరికొకరు అలాగే సాక్ష్యాలు చెప్పుకున్నారు. అది ఒక కారణం. రెండోది చెప్పుకోవడానికే సిగ్గుచేటు: పొద్దున కళ్ళు తెరిచేసరికి ఎవరో పొయ్యి రాజేసి ఉంచితే హాయిగా ఉండేది.

ఈ నవంబరులో ఆఫ్రికా కబురొచ్చింది. స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళెవరైనా సరే ఓడెక్కి వెళ్ళవచ్చు, అక్కడ భూమి ఇస్తారు. పని ఒప్పందంలో ఉన్నవాళ్ళను మాత్రం ఎక్కించుకోరు. అఖాతం అవతల నల్లవాళ్ళ ఊరు బర్చ్‌టౌన్‌లో ఒక్కడే కూతుర్ని పెంచుతున్న డోర్కాస్ మొగుడు టైటస్ తన పేరూ, పిల్ల పేరూ రాయించేశాడు. పడవ ఎల్లుండే. డోర్కాస్ లంగా అంచులో కుట్టుకున్న తన సగం తీసుకెళ్ళి మేజిస్ట్రేట్ టాపన్ ముందు పెట్టింది. రేపు మధ్యాహ్నం విచారణ అన్నారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర జెరెడ్ అడిగాడు. "రేపు నిన్ను పిలుస్తారే. ఏం చెబుతావ్?"

"ఏం చెప్పమంటావు అన్నయ్యా?"

"గుర్తులేదను, చాలు. నాలుగేళ్ళ కిందటి మాట, ఎవరికి గుర్తుంటుంది?"

"నా చేత్తో రాశాను కదా."

"నేను మాత్రం మీ ఆయన గురించి కాలితో ప్రమాణం చేశానా?" జెరెడ్ పళ్ళ సందులోంచి మాంసప్పీచు గోటితో లాగి, బల్లమీది గుడ్డకు తుడిచాడు. "వీళ్ళంతా పోతే మన చేపలు ఎవడు కోస్తాడే? కట్టెలు ఎవడు కొడతాడు? రాజుగారి కోసం సర్వం పోగొట్టుకున్నాం. ఇప్పుడు వంటమనిషిని కూడా పోగొట్టుకోవాలా?"

కెజియా పళ్ళెం పక్కకు నెట్టేసింది.

విచారణ సారాకొట్టులో జరిగింది, ఊళ్ళో వేడిగా ఉండే గది అదొక్కటే మరి. ముందు అందరూ లేచి రాజుగారి ఆరోగ్యానికి తాగారు. రమ్ము కంపు, తడి ఉన్ని కంపు, చేపనూనె దీపాల కంపు కలిసి ముక్కు పట్టేశాయి. టైటస్ టోపీ చేత్తో పట్టుకుని, కూతురితో తలుపు దగ్గర నిలబడ్డాడు. డోర్కాస్‌ను ఎవరూ కూర్చోమనలేదు.

టాపన్ రెండు సగాలూ దగ్గరికి జరిపాడు. పళ్ళు చక్కగా కలిశాయి, అంకెలు కలవలేదు.

"తన సగంలో రెండు అంకెను ఈవిడే గీకేసి ఉండొచ్చు," అన్నాడు.

"నాకు అక్షరం ముక్క రాదు దొరగారూ," అంది డోర్కాస్. "ఏది గీకాలో నాకెలా తెలుస్తుందండీ?"

"తెలివికేం తక్కువ లేదు!" అని వెనకనుంచి ఎవరో నవ్వారు.

అప్పుడు జెరెడ్ లేచాడు. ఇటుకల ఇల్లు, ఆపిల్ తోట, రెండు గుర్రాల బండి. "ఒక దొంగ కాగితంతో నా బతుకంతా లాక్కున్నారయ్యా!" అంటూ గుండెమీద చెయ్యి వేసుకుని ఏడ్చాడు. చుట్టూ ఉన్న పెద్దమనుషులు కూడా కళ్ళు ఒత్తుకున్నారు. గుండెమీది ఆ చేత్తోనే అతను టాపన్ ముందున్న కాగితం దిద్దాడు. ఆ సంగతి ఆ గదిలో ఒక్కరికీ ఎబ్బెట్టుగా లేదు. కెజియాకు అసహ్యం వేసింది. అన్నను చూసి, వాళ్ళను చూసి, అందరికన్నా ఎక్కువ తనను తాను చూసుకుని.

"నువ్వేమంటావమ్మా?" అన్నాడు టాపన్.

"ఒక్క ఏడాదే. నేనే రాశాను. రెండు అంకె మా అన్నయ్య తర్వాత చేర్చాడు."

జెరెడ్ మొహం కందగడ్డలా అయిపోయింది. "చూశారా దీని విశ్వాసం! దీని మొగుడు తిరుగుబాటుదార్లకు జైకొట్టాడు! ఆమోస్! నేను అబద్ధపు ప్రమాణం చేసి దీనికి స్థలం ఇప్పించాను. దీని ఒక్కదానికేనా? ఈ గదిలో ఎంతమందికి చెప్పలేదు నేను? ఇదిగో, ఈ టాపన్‌కే..."

రాజుగారి ఆరోగ్యానికి తాగిన మొహాలన్నీ నేలచూపులు చూశాయి.

"చాలు, చాలు, కూర్చో జెరెడ్!" టాపన్ గబగబా కలం సిరాలో ముంచాడు. న్యాయం గుర్తొచ్చి కాదు, జెరెడ్ నోరు మూయించడానికి, డోర్కాస్ సగం మీద విడుదల అని రాసి సంతకం గిలికాడు. "ఒప్పందం ఏడాదే. అయిపోయింది. పొండి, పొండి. ఇంకో గిన్నె పొయ్యండిరా ఇక్కడ!"

నలుగురూ ఊపిరి పీల్చుకుని గిన్నెలు చాపారు. ఒక్క నిమిషంలో మళ్ళీ పోయిన ఇళ్ళ కబుర్లు మొదలయ్యాయి. తన స్థలం ఏమవుతుందో కెజియా అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. ఆమె శాలువా కప్పుకుని బయటికి పరుగెత్తింది. ఒక మంచి మాట వినాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోతోంది.

"డోర్కాస్! క్షేమంగా వెళ్ళు."

డోర్కాస్ ఆగి వెనక్కి తిరిగింది. "ఆ పొద్దున మీరు బల్ల దగ్గరే ఉన్నారు కదమ్మగారూ."

"ఉన్నాను."

"అంకె చూశారు."

"చూశాను. నా పరిస్థితి నీకు తెలీదు డోర్కాస్..."

"నా చిన్నదానికి అప్పుడు రెండేళ్ళు. ఇప్పుడు అయిదు." డోర్కాస్ గొంతు పెంచలేదు. "ఇందాక లోపల ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి మీకెంతసేపు పట్టిందమ్మగారూ?"

డోర్కాస్ జవాబు కోసం ఆగలేదు. కాగితం రవికలో దోపుకుని, మంచులో నిలబడ్డ కూతురి వైపు వెళ్ళి చెయ్యి చాపింది. పిల్ల అందుకోలేదు. తండ్రి కోటు చాటుకు తప్పుకుని, అతని మొహంలోకి చూసింది. టైటస్ పర్వాలేదన్నట్టు తల ఊపాక, కొత్తమనిషి చెయ్యి పట్టుకున్నట్టు, వేళ్ళ కొసలు మాత్రం పట్టుకుంది.