ఈశాన్యానికీ నైరుతికీ మధ్య

నేను ఒక గాజుతొట్టెని. పంటి డాక్టరుగారి గదిలో బుడగలు వదులుతూ కూర్చునే చిన్న డబ్బాతో నన్ను పోల్చకండి. అయిదు వందల లీటర్ల ఉప్పునీళ్లు మోసేదాన్ని. నిండుగా ఉన్నప్పుడు కదపబోతే పగిలిపోతాను. ఇంత చిన్న విషయం మనుషుల తలకెక్కడానికి ఎన్నేళ్లు పట్టిందో అడగకండి.

విశాఖపట్నంలో ఒక అద్దాల కొట్టులో నన్ను అతికించారు. మొదట కొన్నది ఒక లాడ్జీ యజమాని. హాల్లో పెట్టి, అడుగున ప్లాస్టిక్ పువ్వులు పరిచాడు. దిగినవాళ్లు నాలోకి బీడీ ముక్కలు విసిరేవారు. ఆ తర్వాత ఒక కాంట్రాక్టరుగారింటికి వెళ్లాను. అక్కడ చేపలన్నీ చచ్చిపోయాక నాలో చలికాలం దుప్పట్లు దాచారు. ఆ దుప్పట్ల కిందనుంచి నన్ను బయటికి తీసింది కనకవల్లి.

కనకవల్లి జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. పగడపు జీవుల పాఠం ఏటా చెప్పేది, ఒక్కదాన్నీ కళ్లతో చూడకుండా. ఆమె పెళ్లి పెద్దలు కుదిర్చారు, కాపురం ఏ ఇంట్లోనో జీతాన్నిబట్టి కుదిరింది. ఆ ఇంట్లో ఆమె ఏరికోరి తెచ్చుకున్న వస్తువు నేనొక్కదాన్నే. నాలో ఇసుక పరిచి, సముద్రపు రాళ్లు పేర్చి, వాటిమీద మెత్తటి పగడాలను పెంచింది. వేళ్లు జాపుకుని ఊగే అనిమోన్ అనే సముద్రజీవిని, దాని మధ్య కాపురముండే చారల చేపల జంటను, అరచేతంత పసుపు చేపను తెచ్చింది.

ఆమె అత్తగారు పైడమ్మకి నేనంటే పడదు. "కూరకి రాని చేపలకి ఇన్ని సేవలేటో!" అని రోజూ నా ముందే విసుక్కునేది. నా వల్లే ఇనపమంచం కోళ్లు తుప్పు పట్టాయని ఆమె నమ్మకం. అందులో కొంత నిజముంది.

అలా ఉండగా కనకవల్లి భర్త జగ్గారావు పెందుర్తి దగ్గర సొంత ఇల్లు కట్టాడు. వైశాఖంలో ఒక ఆదివారం గృహప్రవేశం. ముందు ఇల్లు సర్దుకుని, ఆ తర్వాత ఒక రోజంతా నాకోసం కేటాయించమని కనకవల్లి బతిమాలింది. జగ్గారావు వినలేదు. రైల్వే పార్సిలు ఆఫీసులో తనతో పనిచేసే మిత్రులు ఆ ఆదివారమే దొరుకుతారట. "ఎలాగూ ట్రక్కు వస్తంది కదా, దాన్లోనే పడేద్దాం" అన్నాడు. పడేద్దాం! నన్ను!

పొద్దున్నే నన్ను ఖాళీ చేశారు. నీళ్లు డ్రమ్ముల్లోకి, రాళ్లూ పగడాలూ టబ్బుల్లోకి, చేపలు థర్మోకోల్ పెట్టెల్లోకి చేరాయి. ముహూర్తానికి ముందే నన్ను నిలబెట్టి నింపేయాలని కనకవల్లి పథకం. ఎండెక్కకుండానే కొత్త ఇంటి గేటు దగ్గరికి చేరాం కూడా. అక్కడ అప్పలసూరి చేతులు చాచి నిలబడ్డాడు.

అప్పలసూరి జగ్గారావుకి బావ, అక్క మొగుడు. వాస్తు పుస్తకాలు చదివినవాడు. చదివి ఊరుకోలేకపోవడం ఆయన జబ్బు.

"పాలు పొంగకుండా సామాను గడప దాటకూడదమ్మా" అన్నాడు.

"ఇవి సామాను కాదన్నయ్యగారూ, ప్రాణాలు" అంది కనకవల్లి.

"ప్రాణముంటే మరీ తప్పు. ముందు ఆవే వెళ్లాలి."

ఆ ఆవు ఇంకా రాలేదు. వచ్చాక మెట్లు ఎక్కనంది. అరటిపండు చూపించారు, వెనకనుంచి తోశారు, దాని యజమాని దానితో రహస్యంగా ఏదో మాట్లాడాడు. అందరూ ఆవు చుట్టూ ఉన్నారు. ట్రక్కు రేకు కాలిపోతోంది. పెట్టెల్లో గాలి కొట్టే చిన్న బ్యాటరీ మోటారు ఉన్నట్టుండి ఆగిపోయింది. కనకవల్లి పట్టుచీర దోపుకుని ట్రక్కెక్కి, స్టీలు మగ్గుతో నీళ్లు ముంచి ఎత్తునుంచి పోయడం మొదలుపెట్టింది. నీళ్లలో గాలి కలవాలంటే అప్పటికి అదొక్కటే దారి. ఒక పెట్టె తర్వాత ఒక పెట్టె, మళ్లీ మొదటిది. ఖాళీగా పక్కన నిలబడి చూస్తూ ఉండటం తప్ప నేను చేయగలిగింది లేదు.

చివరికి ఆవు లోపలికెళ్లింది. పొయ్యి వెలిగించారు. కోడలు కనబడలేదు. పైడమ్మ ఆవేశంగా బయటికొచ్చింది.

"ఏటి కనకం, ఇది? పేరంటాళ్లందరూ నీకోసం చూస్తన్నారు. ఇల్లాలు లేకుండా పాలెలాగ పొంగిస్తారే?"

"నేను చెయ్యి ఆపితే ఇవి చచ్చిపోతాయత్తా. మీరు పొంగించండి."

"నేనా?" పైడమ్మ గొంతు తగ్గిపోయింది. "బొట్టు లేనిదాన్ని. నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తారేటి? పొద్దుట్నుంచి ఆ వెనక వరండాలో కూకున్నాను. నాకు మంచినీళ్లిచ్చినోళ్లు లేరు."

మగ్గు ఒక్క క్షణం ఆగింది. కనకవల్లి అత్తగారి ముఖంలోకి చూసింది. తర్వాత చెయ్యి చాచి, "అయితే పైకి రండి. ఇది పట్టండి" అంది.

పైడమ్మ గొణుక్కుంటూనే ఎక్కింది. ఎంత ఎత్తునుంచి పోయాలో చూసింది. కనకవల్లి తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికి పరుగెత్తింది.

ఆ ట్రక్కులో పైడమ్మ, నేను, చేపలు మిగిలాం. కొడుకు గృహప్రవేశానికని కట్టుకున్న నేతచీర ఉప్పునీళ్లకి తడిసిపోతోంది. చెయ్యి నొప్పెడితే మారుస్తోంది గాని ఆపడం లేదు. పెట్టెలోకి వంగి చేపల్ని తిడుతోంది.

"చావకండర్రా. ఇయ్యాల మీరు చస్తే అపశకునం అంటారు. ముండమోసింది చెయ్యేసింది, అందుకే పోయాయంటారు. మీకు దణ్ణమెడతాను, చావకండి."

ఇన్నేళ్లూ ఆమె విసుగు విన్నదాన్ని. ఆ భయం మాత్రం అప్పుడే విన్నాను.

పాలు పొంగాయి. పార్సిలు ఆఫీసు మిత్రులు నన్ను ఎత్తుకుని గడప దాటారు. అప్పలసూరి ఎదురొచ్చాడు.

"నీళ్లు కదా, ఈశాన్యం" అన్నాడు. ఈశాన్యానికి మోశారు. దింపబోతుంటే నుదురు కొట్టుకున్నాడు. "ఆగండాగండి! ఇంత బరువు ఈశాన్యంలోనా? ఇల్లు మునిగిపోతాది. బరువంటే నైరుతి." నైరుతికి మోశారు. అక్కడ మళ్లీ గడ్డం గోక్కున్నాడు. "నైరుతిలో నీళ్లా... యజమానికి మంచిది కాదే."

నన్ను మోస్తున్నవాళ్ల చేతులు వణుకుతున్నాయి. నా మూలల్లో జిగురు కీచుమంటోంది. నన్నొక లెక్కల ప్రశ్నలా గోడ గోడకీ తిప్పుతున్న ఆ మనిషి మీదే పడి పగిలిపోదామనిపించింది.

"బావ చెప్తన్నాడు కదా, కాస్త ఆలోచిద్దాం" అన్నాడు జగ్గారావు.

"దింపండ్రా అక్కడే!"

గుమ్మంలో పైడమ్మ. చీరంతా నీళ్లు కారుతోంది, చేతిలో మగ్గు. అల్లుడి ముందు తలుపు చాటునుంచి తప్ప మాట్లాడని మనిషి. "ఎక్కడున్నారో అక్కడే దింపండి. నా చెయ్యి పడిపోతంది. మీ దిక్కులు తరవాత చూసుకుందురు గాని!"

దింపేశారు. అప్పుడు వాళ్లు హాలు మధ్యకి కాస్త ఇవతల, మెట్ల మొదట్లో ఉన్నారు. కింద థర్మోకోల్ పరిచి, నన్ను బల్లమీద సరిచేసి, కనకవల్లి నీళ్లు పోయించింది. ఇక నన్ను కదపడమన్న మాట లేదు. ఈనాటికీ మెట్లు దిగినవాళ్లందరూ నా బల్లకి మోకాలు కొట్టుకుంటారు.

కదిలిన ఇసుకకి నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. లోపల ఎవరు బతికారో ఎవరు లేరో బయటికి కనబడదు. ఇంటిల్లిపాదీ వచ్చి గాజుకి ముక్కు ఆనించి చూసి పోయేవారు. అందరికంటే ముందు లేచేది పైడమ్మ. నీళ్లు తేరుకుంటున్న రోజున తెల్లవారుతుండగా పసుపు చేప వెల్లకిలా పైకి తేలింది. ఆమె అటూ ఇటూ చూసి, దాన్ని దోసిట్లోకి తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

తర్వాతి వారం అప్పలసూరి భోజనానికి వచ్చాడు. నా చుట్టూ తిరిగి, తల పంకించి, "అన్నీ బతికాయా అమ్మా?" అని అడిగాడు. వడ్డిస్తున్న పైడమ్మ చేతిలో గరిట ఆగిపోయింది.

"అన్నీ బతికాయన్నయ్యగారూ" అంది కనకవల్లి. "అత్తయ్య చెయ్యి చల్లనిది."

నాలో ఏముందో, ఏది లేదో నాకంటే బాగా తెలిసిన మనిషి ఆ అబద్ధం తడుముకోకుండా చెప్పింది. అప్పలసూరి చారు పోయించుకున్నాడు.

ఆయన వెళ్లాక అత్తాకోడళ్లిద్దరూ నా ముందు కూర్చున్నారు. చారల చేపలు అనిమోన్‌లో దూరి తొంగిచూస్తున్నాయి.

"నీకెప్పుడు తెలిసింది?" అంది పైడమ్మ.

"నీళ్లు తేరిన రోజే."

"మరడగలేదేం?"

"మీరు చెప్పలేదు కదా."

పైడమ్మ నా గాజుమీది ఉప్పుమరకని కొంగుతో తుడిచింది. "కరేపాకు మొక్క కింద పాతాను. పిల్లి తవ్వకుండా పైన రాయి కూడా ఎట్టాను."

"ఏ రాయి?"

"ఊదారంగుది. నీ టబ్బులో ఒకటి ఉండిపోయింది గదా, అదే."

కనకవల్లి చేతుల్లో ముఖం దాచుకుంది. ఊదారంగు పట్టడానికి ఏళ్లు తీసుకున్న రాయి, కంటికి కనబడని లక్ష ప్రాణాలున్న రాయి, కరేపాకు మొక్క కింద వైశాఖపు ఎండలో వారంగా ఎండుతోంది. ఆమె భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందని పైడమ్మ కంగారుపడి దగ్గరికి జరిగింది. నవ్వుతోందని నాకు తెలుసు. నా గాజులో, వేళ్ల సందుల్లోంచి ఆమె ముఖం కనబడుతోంది మరి.