చల్లగా ఉన్న ఆంప్లిఫయర్

శబ్దం కొలిచే మీటరు ముల్లు సరిగ్గా ఎనభై దగ్గర ఆగింది. అతను స్విచ్ నొక్కాడు. పాట రెండో ఆంప్లిఫయర్‌కి మారింది కానీ ముల్లు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. రెండూ ఇంత సులువుగా ఎప్పుడూ కలవలేదు. పోనీలే, ఆఖరి రోజు కలిసొచ్చిందనుకున్నాడు.

షాపులో అతన్ని ముల్లుగారంటారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని పని ఒకటే. కొనదలచినవాళ్ళ ఇంటికి కొత్త ఆంప్లిఫయర్ మోసుకెళ్ళి, పాతదాని పక్కన పెట్టి, ఏది ఏదో తెలియకుండా రెండింటి మీదా గుడ్డ కప్పి, మార్చి మార్చి వినిపించాలి. కాస్త గట్టిగా మోగేదే ఎవరి చెవికైనా ఇంపుగా ఉంటుంది. అందుకే ముందు మీటరుతో సమానం చేయడం, ఆ తర్వాతే పాట.

పొట్టి మనిషి. బరువులు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. ఏడాదిగా సన్నని శబ్దాలు అతనికి అందడం లేదు. పిచ్చుక నోరు తెరవడం కనిపిస్తుంది, కూత వినిపించదు. ఆ సంగతి యజమాని కనిపెట్టాడు. "ఈ బేరం ఒక్కటీ ముగించి, ఇంటి పట్టున హాయిగా ఉండండి. మంచి పేరుతో వెళ్ళినట్టుంటుంది" అన్నాడు.

ఆ బేరం ఒక పళ్ళ డాక్టరుది. ఆయన తన ఇంట్లో కుర్చీలో కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఆపండి! ఇది ఒకటోదా, రెండోదా?"

"రెండోదండీ."

"అదీ! పాడే ఆవిడ ఊపిరి పీల్చడం కూడా వినపడింది. ఒకటోదాంట్లో గోనెసంచి కప్పుకుని పాడుతోంది. రెండోదే కొత్తది, పందెం!"

డాక్టరు భార్య చొక్కాకి గుండీ కుడుతూ తలెత్తలేదు. "పెళ్ళయినప్పట్నుంచీ నా మాటే వినపడని చెవులకి ఎవరి ఊపిరో వినపడిందా?"

"నువ్వుండవే! ముల్లుగారూ, ఖాయం. కొత్తది ఇక్కడే ఉంచేసి వెళ్ళండి."

గుడ్డ తీయబోతూ అతను కొత్తదాని మీద చెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. అరగంట పాడిన యంత్రం గోరువెచ్చగానైనా ఉండాలి. పక్కదాన్ని తాకాడు. అది వెచ్చగానే ఉంది.

వంగి వెనక చూశాడు. డాక్టరు పాత ఆంప్లిఫయర్‌కి స్పీకర్లు తగిలించే చోట్లు రెండున్నాయి. స్విచ్ పెట్టె నుంచి చెరోదానికి వెళ్ళాల్సిన రెండు వైర్లూ ఈ పాతదానికే తగిలించి ఉన్నాయి. కొత్తది దీపం వెలిగించుకుని ఊరికే కూర్చుంది. అరగంటగా డాక్టరు తన పాతదాన్ని దానితోనే పోల్చి చూసుకున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ చేయని తప్పు. వైరు మార్చేసి లేచి నిలబడితే చాలు, ఎవరికీ తెలీదు. బేరం కుదురుతుంది, పేరు నిలుస్తుంది. చెబితే, ముసలాడికి చెవులతోపాటు చేతులూ పోయాయని షాపంతా అంటుంది.

అతను వైరు ముట్టుకోకుండానే లేచి నిలబడ్డాడు.

"డాక్టరుగారూ, తప్పు చేశాను" అన్నాడు. అంతా చెప్పాడు.

డాక్టరు మొహం ఎర్రబడింది. ఆయన భార్య సూది పక్కన పెట్టేసింది. "అంటే ఆవిడ గోనెసంచి కప్పుకున్నదీ, తీసేసిందీ మన పాత పెట్టెలోనేనా?" అని పడీ పడీ నవ్వింది. కాసేపు బిగబట్టి డాక్టరూ నవ్వేశాడు.

"మళ్ళీ కలపండి. ఈసారి మా ఆవిడ చెప్తుంది."

ఈసారి ముల్లు కదిలింది. పాతదాని వాల్యూమ్ కాస్త పెంచి, కొత్తదానితో సమానమైన చోట బియ్యపుగింజంత తెల్లకాగితం అంటించాడు. ముగ్గురూ గంటసేపు విన్నారు. రెండింటికీ తేడా ఏమిటో ఒక్కరూ చెప్పలేకపోయారు.

"పాతదే ఉంచుకుంటాను" అన్నాడు డాక్టరు. "ఇంకొకరైతే అంటగట్టి పోయేవారు. మీ మేలు మర్చిపోను."

"మేలు నాకు జరిగిందండీ. మా ఇంట్లో ఉన్నది జేబు రేడియో. మీలాంటివాళ్ళు ఇన్నేళ్ళూ పిలిచి, మంచి స్పీకర్ల ముందు కూర్చోబెట్టి వినిపించారు. పైగా షాపువాళ్ళు జీతం కూడా ఇచ్చారు! ఇప్పుడు పైస్వరాలు అందవు. అయినా విన్నవే కదా, అవి ఎక్కడొస్తాయో నాకు తెలుసు."

డాక్టరు ఓ పక్క పట్టుకుని, కొత్త ఆంప్లిఫయర్‌ని వ్యానుదాకా మోశాడు. ముల్లుగారు షాపులో మీటరు అప్పగించి, జరిగింది దాచకుండా చెప్పి, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆంప్లిఫయర్ మోసుకుని ఎవరింటికీ వెళ్ళలేదు.

మర్నాడు డాక్టరు భార్య దుమ్ము తుడుస్తూ వాల్యూమ్ తిప్పే బిళ్ళ దగ్గర గుడ్డ ఆపింది. పక్కన తెల్లకాగితం ముక్క, ఊడకుండా ముల్లుగారు గోటితో అదిమిన గీత ఇంకా దాని మీద ఉంది.