వెనక సీటు

ఆ అత్తా అల్లుళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అలాంటిది టైలరమ్మ ఆ అల్లుడి బైకు మీదే ఉత్తరానికి బయలుదేరాల్సి వచ్చింది. బస్సు దించేసిన చోటి నుంచి పైపులైను క్యాంపు దాకా అంతా కంకర రోడ్డే. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరతారు. వానలకు వంతెన దెబ్బతిందని లారీలు ఆపేశారు, బైకుల్ని మాత్రం పోనిస్తున్నారు.

ఒక్క చలికాలం ఓర్చుకోమని పెళ్ళాన్ని ఆ క్యాంపుకి తీసుకెళ్ళిన అల్లుడుగారు, మాటమాత్రమైనా చెప్పకుండా రెండో చలికాలానికి కూడా పనికి ఒప్పేసుకున్నాడు. కూతురు ఫోన్లో ఏడ్చింది. "ఇక్కడ ఉండలేనమ్మా. ఈయనతో ఒక్కదాన్నే బయలుదేరితే ఏదో ఒకటి చెప్పి దారిలోంచే వెనక్కి తిప్పేస్తాడు. నువ్వొచ్చి తీసుకెళ్ళు." టైలరమ్మకి ఒళ్ళు మండిపోయింది. కుట్టాల్సిన బట్టలన్నీ పక్కన పడేసి బస్సెక్కింది. మంచు పడితే ఆ దారి మూసేస్తారు, ఈలోపే పిల్లను బయటికి తెచ్చుకోవాలి.

అల్లుడి వీపుకి మూరెడు దూరంలో, వెనక కడ్డీ పట్టుకొని కూర్చుందావిడ.

"అత్తయ్యా, ముందుకు జరగండి."

"నాకిక్కడ బాగానే ఉంది."

"బరువంతా వెనకే ఉంటే ముందు చక్రం తేలిపోతుందండీ. కంకర మీద బండి నిలవదు. నా నడుం పట్టుకోండి."

"నీ నడుం పట్టుకోడానికా ఇంత దూరం వచ్చాను? రోడ్డు చూసి నడుపు."

అల్లుడు పళ్ళు నూరుకున్నాడు. చుట్టూ రాళ్ళూ గాలీ తప్ప నరమానవుడు లేడు. కంకర మందంగా పోసిన చోట ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుంది, బండి పక్కకి ఒరిగింది, ఇద్దరూ కిందపడ్డారు. ఆవిడ మోకాలు చెక్కుకుపోయింది.

"కావాలనే పడేశావు!"

"నేనూ పడ్డానుగా. ఎముకలు విరగ్గొట్టుకునేంత సరదా నాకేం లేదు."

అతను ముందు బండిని లేపాడు. తర్వాతే అత్తగారికి చెయ్యి అందించాడు. ఆవిడ ఆ చెయ్యి ముట్టుకోకుండానే లేచింది. ఆ తర్వాత చచ్చినట్టు ముందుకు జరిగి నడుం పట్టుకుంది. బండి బుద్ధిగా నడిచింది. వాడి మాటే నిజమైనందుకు ఆవిడకి మరీ మండింది.

"పిల్లని బస్సు దగ్గర దింపి నీ దారి నువ్వు చూసుకో" అంది వాడి చెవి దగ్గర.

"గట్టిగా పట్టుకోండి" అన్నాడు అల్లుడు.

క్యాంపులో రేకుల గది ముందు కూతురు సంచీతో సిద్ధంగా ఉంది. "పదమ్మా, వెంటనే పోదాం" అంటూ బైకు దగ్గరకొచ్చి టక్కున ఆగిపోయింది. మనుషులు ముగ్గురు, బండి మీద చోటు ఇద్దరికి. ఆ కోపంలో తల్లీకూతుళ్ళిద్దరికీ ఇంత చిన్న లెక్క తట్టనే లేదు.

"మీకు ముందే తెలుసు కదా?" అని మొగుడి మీద విరుచుకుపడింది కూతురు.

"నన్నెవరడిగారు? మీ అమ్మను తీసుకురమ్మన్నావు, తెచ్చాను." అతను ఆకాశం వైపు చూశాడు. "రాత్రికి మంచు పడేలా ఉంది. రేపటికి దారి ఉంటే రెండో మనిషిని దింపుతాను."

దారి లేకపోతే చలికాలమంతా ఈ రేకుల గదే గతి. టైలరమ్మ ఎక్కువ ఆలోచించలేదు. "ముందు నువ్వు పో. వాడేం చెప్పినా చెవిన పెట్టకు" అని కూతుర్ని బండెక్కించింది.

కూతురు మొగుడికి మూరెడు దూరంలో, వెనక కడ్డీ పట్టుకొని, మొహం పక్కకి తిప్పుకొని కూర్చుంది. బండి క్యాంపు గేటు దాటి కంకరలోకి దిగింది. ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకోవడం మొదలైంది.

టైలరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. దెబ్బ తగిలిన మోకాలితోనే కుంటుకుంటూ పరిగెత్తింది.

"ముందుకు జరగవే! నడుం పట్టుకో!"

కూతురు వెనక్కి తిరిగి చూసింది. నువ్వు కూడానా అమ్మా అన్నట్టుంది ఆ చూపు.

"చెప్తుంటే నీక్కాదూ? వాణ్ణి గట్టిగా పట్టుకోవే!"

కూతురు మెల్లగా ముందుకు జరిగింది. రెండు చేతులూ మొగుడి నడుం చుట్టూ వేసింది. బండి కుదురుకుని తిన్నగా సాగింది. పిల్లను వాడి నుంచి విడిపించుకుపోదామని వచ్చిన టైలరమ్మ, ఆ చేతులు వదలకుండా చూడమని దేవుడికి మొక్కుకుంటూ, దుమ్ములో బండి కనబడకుండా పోయేదాకా గేటు దగ్గరే నిలబడింది.