మామూలు కాలువ

ఆ పరిశోధనా సంస్థలో కట్టబోయే కొత్త ప్రయోగశాల ఒకే ఒక్క మాట మీద నిలబడి ఉంది. ఆ మాట అన్న మనిషికి ఆ సంగతి తెలియదు. విన్న మనిషికీ తెలిసేది కాదు, ఆ రోజు బావ క్యారేజీ మరిచిపోకుండా ఉంటే.

ఆ మాట విన్నామె పని ప్రభావ సమీక్ష. ఏదైనా కట్టకముందే, దానివల్ల గాలికీ నీటికీ నేలకీ ఏమవుతుందో తేల్చి చెప్పాలి. ఆమె అక్క భర్త అదే భవనంలో, కింది అంతస్తులో, పర్యావరణ నిర్వహణ విభాగానికి పెద్ద. కట్టేసినవాటిని రోజూ కనిపెట్టుకుని ఉండడం ఆయన పని.

"సంబంధం కుదిర్చేది మా మరదలు, కాపురం చేసేది నేను" అని ఆయన కనబడ్డవాళ్లందరితోనూ అనేవాడు. అందరూ నవ్వేవారు. కుదిర్చినవాళ్లూ కాపురం చేసేవాళ్లూ పని గురించి కూర్చుని మాట్లాడుకున్నదే లేదని ఎవరికీ తట్టలేదు. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు.

కొత్త ప్రయోగశాలలో యంత్రాలు వేడెక్కుతాయి. వాటిని చల్లార్చిన నీళ్లు వెనక కాలువలోకి పోతాయి. సమీక్ష మొదలుపెట్టిన రోజు ఆమె కిందికి ఫోన్ చేసింది.

"బావా, మన కాలువ ఎలా ఉంది?"

"మామూలే."

అంతే. ఆ మామూలు మీద లెక్క కట్టింది. చల్లని కాలువ, కొంచెం కొత్త వేడి, తట్టుకుంటుంది. సంతకం పెట్టింది. ఇక ఆ రోజు మధ్యాహ్నం డైరెక్టరుగారు సరేనంటే పునాది పడుతుంది.

మెట్ల మీద ప్రొఫెసరమ్మ ఎదురైంది. ఆ ప్రయోగశాల ఆవిడ కల. అది ఇంకా ఆలస్యమైతే ఆవిడ బృందం చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయేలా ఉంది.

"ఇవాళ్టితో నా గండం గట్టెక్కినట్టేనా?"

"ఎక్కినట్టేనండీ" అంది ఆమె, బావ ఇంట్లో మరిచిపోతే అక్క ఇచ్చి పంపిన క్యారేజీ ఊపుతూ.

బావ గదిలో లేడు. కాలువ గట్టున, పాత యంత్రశాల నీళ్లు బయటికొచ్చే గొట్టం పక్కన వంగి, నీళ్లలో ఉష్ణమాపకం పెట్టి చూస్తున్నాడు.

"అక్క తిడుతోంది. పెళ్లాన్ని మరిచినా ఫరవాలేదట, క్యారేజీ మరవకూడదట."

"రెండూ మరిచే ధైర్యం నాకెక్కడిది? అక్కడ పెట్టు."

గట్టు దిగేటప్పుడు ఆమె చేతికి మట్టి అంటింది. కడుక్కుందామని కాలువలో ముంచింది. ఠక్కున ఆగింది.

"నీళ్లేంటి బావా, ఇంత వెచ్చగా ఉన్నాయి?"

"మామూలేగా."

"మామూలంటే?"

"పాత యంత్రశాల వచ్చినప్పటినుంచీ ఇంతే. పరిమితి దాటలేదు. దాటితే నేను ఊరుకుంటానా?"

ఆమె గట్టు వెంబడి నీళ్లు వచ్చే వైపుకి నడిచింది. యంత్రశాల దాటింది, కాలువ లోపలికొచ్చే ప్రహరీ దగ్గరికి వెళ్లి అక్కడ చేయి పెట్టింది. నీళ్లు చల్లగా వేళ్లను కొరికాయి. రెల్లు మొదట్లో చిన్న చేపలు గుంపుగా కదులుతున్నాయి. ఇందాక గొట్టం కింద ఒక్కటీ కనబడలేదు.

వెనకాలే వచ్చిన బావ కూడా చేయి పెట్టాడు. ఆయన మొహం వాడిపోయింది.

"నన్ను చూడమన్నది గొట్టం దగ్గర. ఇక్కడికెప్పుడూ రాలేదు."

"నేనడిగింది ఈ కాలువ గురించి. మీరు చెప్పింది ఆ కాలువ గురించి."

"మరి ఏ మామూలో నువ్వడగలేదుగా!"

"అడగలేదు" అంది ఆమె. "వెచ్చటి నీళ్ల మీద ఇంకాస్త వేడి పోస్తే కిందంతా చేపలకి ఊపిరాడదు. నా సంతకం తప్పు బావా."

"ఇప్పుడు నోరు విప్పితే నీకు మాట, నాకు మాట. ప్రొఫెసరమ్మ నమిలి మింగేస్తుంది."

"విప్పకపోతే?"

ఆయన చేయి తుడుచుకున్నాడు.

"పద. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా ఇదే నయం."

సమావేశంలో ఆమె ముందే లేచింది. సంతకం వెనక్కి తీసుకుంటున్నానంది. ఎందుకో చెప్పింది.

"గట్టెక్కానన్నావుగా!" అంది ప్రొఫెసరమ్మ.

"తొందరపడి అన్నానండీ."

"తప్పెవరిది?" అన్నాడు డైరెక్టరు.

"నాది" అంది ఆమె. "నాదీ ఉంది" అన్నాడు బావ. "గొట్టం చూశాను, కాలువ చూడలేదు."

డైరెక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒప్పుకోవడానికి పోటీ పడకండి. దారి చెప్పండి."

బావే చెప్పాడు. పాతదీ కొత్తదీ రెండింటి నీళ్లనీ ముందు పెద్ద తొట్టిలో చల్లార్చి, ఆ తర్వాతే కాలువలోకి వదలాలి. ప్రహరీ దగ్గరా గొట్టం కిందా రెండుచోట్లా రోజూ కొలవాలి.

"తొట్టి కట్టేదాకా నేను చేతులు ముడుచుకు కూర్చోవాలా?" అంది ప్రొఫెసరమ్మ.

"పునాది వేసుకోండి" అంది ఆమె. "భవనం లేచేలోగా తొట్టి లేస్తుంది. కాలువ చల్లబడ్డాకే యంత్రాల స్విచ్చి వేయాలి. నా సమీక్షలో ఏ షరతు పెట్టినా అది బావగారి రోజువారీ పనిలోకి వెళ్లాలి. ఆయన రోజూ చూసిందే నా తర్వాతి సమీక్షకి మొదలు కావాలి."

ప్రొఫెసరమ్మ తన కాగితాలు సర్దుకుంటూ, "పునాది ఈ వారమే" అంది.

"ఈ వారమే" అన్నాడు డైరెక్టరు. "స్విచ్చి మాత్రం మీరిద్దరూ కలిసి సరేనన్నాకే. ఒక్కరంటే చాలదు."

బయటికొచ్చాక ప్రొఫెసరమ్మ ఆమె పక్కన ఆగింది. "కోపం పోలేదు. పోయాక మాట్లాడతా" అని వెళ్లిపోయింది.

బావ తన గదిలో క్యారేజీ విప్పాడు. వేలితో తాకి మొహం చిట్లించాడు.

"అంతా చల్లారిపోయింది."

"మామూలే బావా" అంది మరదలు, కుర్చీ లాక్కుంటూ. "పరిమితి లోపే ఉంది, తినండి."