భయం నేర్పినవాడు

మూడో ఆవరణ తలుపు మూసి, బూట్లను సున్నపునీళ్ల తొట్టిలో ముంచి, ఆల్సిదెస్ మోరెలో మనసులో ఇరవై దాకా లెక్కపెట్టాడు. ఒక ఆవరణలోని తెగులు కాళ్లతో ఇంకోదానిలోకి పోకూడదు. ఈ పంతొమ్మిదేళ్లలో, ఎవరూ చూడని వేళ కూడా, అతను ఇరవైకి ముందు కాలు తీసింది లేదు. తర్వాత నాలుగో ఆవరణ గడియ తీసి, గోడకు ఆనించిన ఇనుపమొన కర్ర అందుకుని లోపలికి నడిచాడు.

నాలుగో ఆవరణలో మాత్రం మామూలుగా నడవడు. మడమలు నేలకు గుద్దుతూ, ఎండుటాకులు పెళపెళలాడేలా, రెండడుగులకోసారి కర్రతో మట్టిని పొడుస్తూ వెళతాడు. నీటిపళ్లెం దగ్గర ఆగి గొంతు చించుకునేలా దగ్గుతాడు. మూడు నెలలుగా రోజుకు నాలుగుసార్లు ఇదే పని.

ఈ నడక అతనికి ఎవరూ నేర్పనక్కర్లేదు. తొమ్మిదో ఏట నుంచి ముప్పైతొమ్మిదో ఏట దాకా, ఈస్టరు ముందు, జనం మాంసానికి బదులు తాబేళ్లు తినే నెలంతా, సినూ నది చిత్తడుల్లో గడ్డి తగలబెట్టి, బురదలో కర్ర గుచ్చుతూ తాబేళ్లను పట్టినవాడు. రాయి ఎలా పలుకుతుందో, చెక్క ఎలా పలుకుతుందో, చిప్ప ఎలా పలుకుతుందో అరచేతికి తెలుసు. ఆ చేత్తోనే ఇప్పుడు, జనం ఇళ్లలో పెంచి చెడగొట్టిన జంతువులను బాగుచేసే ఈ కేంద్రంలో, పళ్లేలు కడుగుతాడు, ఆకులు తరుగుతాడు, పెంట తీస్తాడు. గుడ్లకోసం పొట్టకోసి వదిలేసిన ఉడుములకు డాక్టరమ్మ కుట్లు వేస్తుంటే కాళ్లు పట్టుకుంటాడు.

అరటాకుల్లాంటి వెడల్పాటి ఆకుల బిహావో పొద కింద నలభై ఏడు కనిపించింది. దానికి పేరు లేదు. ఇక్కడ దేనికీ పేరు పెట్టరు. వీపుమీద గోళ్లరంగుతో రాసిన నంబరే. మూరెడు పొడవు మెట్టతాబేలు, కాళ్లమీద కెంపురాళ్లలాంటి ఎర్ర పొలుసులు. చిప్పమాత్రం నున్నగా లేదు, బోర్లించిన గిన్నెలు వరసగా పేర్చినట్టు గుబ్బలు గుబ్బలుగా ఉంది. అంచున తాడు కట్టడానికి వేసిన బెజ్జం. అది సిమెంటు వాకిట్లో పాలరొట్టె తిని ముప్పై ఒక్క ఏళ్లు బతికింది.

కర్ర చప్పుడుకు అది తల లోపలికి లాక్కుంది. బుస్సుమని గాలి వదిలింది.

"మంచిది," అనుకున్నాడు ఆల్సిదెస్. పైకి అనలేదు. ఇక్కడ మాట్లాడటం కూడా తప్పే.

ఎనిమిది నెలల కిందట అది వచ్చినప్పుడు ముక్కులోంచి బుడగలు వచ్చేవి. ఏమీ తినలేదు. సిమెంటు నేల చలువకూ పొడికీ ఊపిరితిత్తులు పాడయ్యాయి. అతను రోజూ పొద్దున్నే గడ్డం మునగనంత గోరువెచ్చటి నీళ్లలో కూర్చోబెట్టాడు. ఆవరణలో సగం ఎండ, సగం నీడ ఉండేలా రేకు మార్చి వేశాడు. ఆకులకింద మట్టి ఎప్పుడూ పిడికిట పడితే ముద్దయ్యేంత తడిగా ఉంచాడు. ముళ్లజెముడు మట్టలు కాల్చి ముళ్లు తీసి, గుడ్డుపెంకుల పొడి చల్లి, మందారపూలు ఒక్కొక్కటే నోటికి అందించాడు. పంతొమ్మిదో రోజున అది నోరు తెరిచింది. నెల తిరిగేసరికి అతని అడుగు వినబడితే చాలు, గునగున పరుగెత్తుకొచ్చి బూటుమీద గడ్డం ఆనించేది.

మూడు నెలల కిందట డాక్టర్ నోహెమి అది చూసి తలపట్టుకుంది.

"ఆల్సిదెస్ గారూ, ఇది మనిషి అడుగుకు ఎదురొస్తోంది. అడవిలో వదిలితే వచ్చే గుడ్‌ఫ్రైడేకి ఎవరి కుండలోనో ఉంటుంది."

"మరి తినకపోతే చచ్చేది డాక్టరమ్మా."

"నేనేం తిట్టడం లేదు. కానీ ఇప్పుడు దానికి మీరే భయం నేర్పాలి. నేర్వకపోతే బడిపిల్లలకు చూపించే గుండ్రటి తొట్టెలోకే."

ఆ తొట్టె అతనికి తెలుసు. అందులోవి గోడవెంట తిరుగుతూనే ఉంటాయి, వాటి తోవ సిమెంటులో గాడిపడింది.

అది భయం నేర్చిందో లేదో తేల్చే పరీక్ష ఇవాళ. ఈస్టరు వెళ్లి మూడు వారాలైంది, వానలు పట్టాయి, వేటగాళ్లు కర్రలు అటకెక్కించారు. పదకొండు తాబేళ్లు ఇప్పటికే చెక్కపెట్టెల్లో ఉన్నాయి. మధ్యాహ్నం బండి కొండ అడవికి వెళుతుంది. పన్నెండో పెట్టె ఖాళీగా ఉంది.

పదిగంటలకు కొంచెం ముందు ఓర్తెన్సియా బాబిలోనియా వచ్చింది. డెబ్భై దాటిన లావుపాటి మనిషి. మోకాళ్లు పట్టుకుని, ఒక్కో అడుగూ నేలను బతిమాలినట్టు వేస్తుంది. నలభై ఏడు ఆమెదే.

"ఏమయ్యా, మాటాడ్డం నేర్చుకున్నావా, ఇంకా లేదా?" అంది బల్లమీద కూలబడుతూ. "నీకంటే నా పాంచా నయం, అప్పుడప్పుడూ బుస్సనైనా అనేది."

"కూర్చో అక్కా. ఎండన పడి వచ్చావు."

"ఆ మోటారుబండి కుర్రసన్నాసి నన్ను గుంటల్లో వేసి చిలికాడు. తీస్తే సేరు వెన్న వచ్చేది. సరేగానీ, తిందా అది?"

"ఒక జెముడు మట్ట. నాలుగు మందారాలు."

"పూలా! నా ఇంట్లో పాలల్లో నానిన రొట్టె తినేదయ్యా, మేయరుగారి కూతుర్లా."

అతను ఆమె ముఖంకేసి చూడటం మానేశాడు. ఆమె మనవడికి ఉబ్బసం. అందరిలాగే ఆమె కూడా తాబేలును పిల్లవాడి మంచంకింద పెట్టింది, జబ్బు పీల్చుకుంటుందని. దాని ముక్కున బుడగలు మొదలయ్యేసరికి వీధంతా సంబరపడింది. ఓర్తెన్సియా ఒక్కతే భయపడి, సబ్బుల అట్టపెట్టెలో పెట్టుకుని ఇక్కడికి మోసుకొచ్చింది.

ఆల్సిదెస్ తన ఇంట్లో అప్పట్లో తాబేలును అలా కాపాడలేదు. అతని కూతురు మారెల్విస్‌కు నాలుగేళ్లప్పుడు ఆయాసం. చిత్తడి ఒడ్డున పట్టిన పిల్ల మెట్టతాబేలును మంచంకోడుకు కట్టాడు. పాప కోలుకుంది, తాబేలు చచ్చింది. పక్కింటివాళ్లు వచ్చి కౌగిలించుకున్నారు, అతని తల్లి కొబ్బరన్నం వండింది. ఈ కేంద్రంలో చేరిన మొదటి ఏడు, అప్పటి పెద్దడాక్టరు చచ్చిన తాబేలును కోసి చీముపట్టిన ఊపిరితిత్తులు చూపించి "చలి, పొడి నేల. అంతే," అన్నాడు. ఆ సాయంత్రం అతను ఇంటికెళ్లి ఏమీ చెప్పలేదు. భార్య నెల్ఫా ఇప్పటికీ వచ్చినవాళ్లకు ఆ తాబేలు కథ చెబుతుంది. అతను తలూపుతాడు.

డాక్టర్ నోహెమి గడియారం పట్టుకుని వచ్చింది. ఓర్తెన్సియాను చూసి ఒక్క క్షణం ఆలోచించింది.

"పరీక్ష మీతోనే పెడదాం అమ్మా. మీరు పిలవండి. మీకు రాకపోతే ఇంకెవరికీ రాదు."

ఆల్సిదెస్ దానికి బూట్లన్నా, కర్రన్నా, దగ్గన్నా భయం నేర్పాడు. ఈ గొంతంటే నేర్పలేదు.

"వస్తే ఏమవుతుంది?" అంది ఓర్తెన్సియా.

"వస్తే ఇక్కడే ఉండిపోతుంది. తొట్టెలో."

"అయితే నెలనెలా చూడొచ్చన్నమాట." ఆమె ముఖం వికసించింది. సంచిలోంచి పెచ్చులూడిన ఎనామెల్ గ్లాసూ చెంచా తీసింది. "పిలవడం దేనికి? దీనికే వచ్చేది."

బూట్లు లేవు కనుక ఆమె చెప్పులకు రబ్బరు తొడుగులు వేశారు. డాక్టరమ్మ, ఆల్సిదెస్ కంచె బయటే నిలబడ్డారు. "కదలకండి," అంది డాక్టరమ్మ మెల్లగా. ఓర్తెన్సియా లోపల పీటమీద కూర్చుని చెంచాతో గ్లాసు కొట్టింది.

టింగ్. టింగ్.

బిహావో ఆకులు కదిలాయి. మెడ బయటికి వచ్చింది, ముడతలు విప్పుకుంటూ, ఎంత పొడుగుంటుందో అంతా. కళ్లు చప్పుడువైపు. ఒక ముందరికాలు కదిలింది. ఇంకొకటి.

"పాంచా! రామ్మా, నా బంగారూ!"

ఆల్సిదెస్ కంచె రేకు అంచు పట్టుకున్నాడు. రేకు కోసుకుంటున్నా తెలియలేదు. తాబేలు ఎండలోకి వచ్చింది. మూడడుగులు. నాలుగు. చెంచా ఆగింది. ఓర్తెన్సియా దాన్నే చూస్తోంది. గుబ్బలు తేలిన చిప్పను, అంచున తను వేయించిన బెజ్జాన్ని. ఆపైన కంచెమీది అతని చేతిని ఒక్కసారి చూసింది.

తర్వాత పీటమీంచి లేచి, ధన్‌మని ఎండుటాకుల్లోకి అడుగేసింది. రెండోది. మూడోది.

బుస్సుమంది. తల, కాళ్లు, తోక అన్నీ మాయమయ్యాయి. రాయి.

"కొట్టండి, పిలవండి," అంది డాక్టరమ్మ గడియారం చూస్తూ. ఓర్తెన్సియా గ్లాసు కొట్టింది, పిలిచింది, బతిమాలింది, తిట్టింది కూడా. అయిదు నిమిషాలు. రాయి రాయిలాగే ఉంది. తర్వాత వెనక్కి తిరిగి, ఎన్నడూ లేనంత వేగంగా పొదకిందికి దూరి, ఆకులు మీదికి లాక్కుంది.

"అడవిలో గ్లాసులుండవు, అడుగులే ఉంటాయి," అని డాక్టరమ్మ కాగితంమీద గీత గీసింది. "వెళుతుంది."

ఓర్తెన్సియా బయటికొచ్చి బల్లమీద కూర్చుని చాలాసేపు మోకాళ్లు రుద్దుకుంది. "విశ్వాసంలేని జాతి. మా ఆయనా ఇంతే." ఆల్సిదెస్ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. డాక్టరమ్మ దూరం వెళ్లాక ఆమె గొంతు తగ్గించింది. "రెండేళ్లుగా ఈ మోకాళ్లతో దొంగపిల్లిలా నడుస్తున్నదాన్ని. ఇవాళ అంత గట్టిగా ఎందుకు తొక్కాననుకున్నావు?"

అతను ఆమెవైపు చూశాడు.

"మాటాడకులే. అలవాటు లేని పని," అంది ఆమె, కళ్లు తుడుచుకుంటూ. "నీ చెయ్యి కట్టుకో ముందు. రక్తం కారుతోంది."

నలభై ఏడును పెట్టెలో పెట్టింది ఆల్సిదెసే. దాన్ని ఎత్తినప్పుడు అది కాళ్లు విదిలించి, అతని చొక్కామీద పోసి, బుసకొట్టింది. తలుపు బిగించి, పైన తడిగోనె కప్పాడు. బండిలో ఇద్దరికే చోటు. అడవిదాకా అతనెప్పుడూ వెళ్లలేదు. మోటారుబండి వెనక ఓర్తెన్సియా, ఆ వెనక బురద చిమ్ముతూ పెద్దబండి, గేటు దాటి పోయాయి.

మధ్యాహ్నం రెండింటికి ఆవరణ ఖాళీ చేయాలి, తర్వాతి దాని కోసం. అతను బూట్లు ముంచి ఇరవై లెక్కపెట్టి లోపలికి వెళ్లాడు. ఇవాళ మడమలు గుద్దలేదు. నీటిపళ్లెం బోర్లించాడు, పాత ఆకులు తీసి గంపకెత్తాడు. పొదకింద ఆకులు ఒత్తిగా ఉన్నచోట చెయ్యి పెట్టాడు, చిప్ప నొక్కిన గుంట ఇంకా అలాగే ఉంది.

అక్కడ, ఆకుల అడుగున, పక్క దొడ్లోని కొమ్మ నుంచి దానంతటదే రాలిన పసుపుపచ్చటి జోబో పండు, అడవిమామిడి లాంటిది, ఒకటుంది. ఎవరూ నోటికి అందించనిది. ఒక పక్క ముక్కుతో తెంపిన మూడు కోణాల గాటు, అందులో ఇంకా ఆరని రసం.