నాలుగు నిమిషాల స్లైడు

సోమవారం నుంచి మా పాపకు బడి. ఒకటో తరగతి. బడి విజయవాడ రోడ్డుకు అవతల, మా ఇల్లు ఇవతల చైతన్యపురిలో. నడుమ లారీలు. ఎల్బీ నగర్ దిక్కు నుంచి వచ్చేవి వస్తూనే ఉంటాయి, దిల్‌సుఖ్‌నగర్ దిక్కు నుంచి పోయేవి పోతూనే ఉంటాయి. వారం రోజులుగా నాకు అన్నం సయించడం లేదు.

మా ఇంటి ముందు షట్టరు గదిని గుంటూరు నుంచి వచ్చిన రామమోహనరావు గారికి కిరాయికిచ్చాం. ఆయన అందులో కంప్యూటరు నేర్పుతారు. టీవీకి తగిలించిన ఒక మిషను, ఆరు కుర్చీలు. నా చదువు ఎనిమిదిలోనే ఆగింది. పాప నిద్రపోయినప్పుడు గుమ్మంలో నిలబడి వినేదాన్ని. కొన్నాళ్లకు ఆయనే లోపలికి పిలిచి కుర్చీ వేశారు.

ఆ శనివారం కాలనీ సంఘం మీటింగుకు ట్రాఫిక్ ఆఫీసరు వస్తున్నాడు. అధ్యక్షుడు మా బావ వెంకటేశ్వర్లు, మా ఆయనకు అన్న. "సర్కారోళ్లు గోడ మీద స్లైడ్లు చూపిస్తరు గద, గట్ల మన కాలనీది టీవీల చూపియ్యాలె" అని పట్టుబట్టాడు. రామమోహనరావు గారు మిషనుకు ఆజ్ఞలు రాసి ఐదు స్లైడ్లు చేశారు. మీట నొక్కితే ఒక పేజీ చెరిగి ఇంకొకటి వస్తుంది. మొదటిదాంట్లో బావ పేరు వెలిగి ఆరుతుంది. చివరిది పోలీసు చౌకీ కావాలని.

"పిల్లలు రోడ్డు దాటేది ఏది సార్?" అన్నాను శుక్రవారం.

"మీ బావగారు చెప్పినవన్నీ వేశానండీ. అది చెప్పలేదు మరి."

"బడి టైముకు ఒక కానిస్టేబుల్ని నిలబెట్టుమని అడగాలె. ఒక్క స్లైడు సార్."

"రేపేనమ్మా మీటింగు. ఇప్పుడెక్కడ ఇరికిస్తాం?"

"నడుమ జాగ ఉంది గద సార్."

మిషనుకిచ్చే ప్రతి ఆజ్ఞకూ ముందు ఒక అంకె ఉంటుంది. పది, ఇరవై, ముప్పై. నడుమ అంకెలు ఎందుకు వదిలారని మొదటిరోజే అడిగాను. ఏదైనా మర్చిపోతే తర్వాత పెట్టుకోవడానికి అన్నారు. అది నాకు బాగా నచ్చింది. నాలుగో స్లైడు ఏడువందల ముప్పైతో అయిపోతుంది, ఐదోది ఏడువందల నలభైతో మొదలు. తొమ్మిది వరుసల జాగా.

ఆయన నవ్వి కుర్చీ నా వైపు జరిపారు. "కూర్చోండి. మీరే కొట్టండి." తాను భోజనానికి వెళ్లారు.

రెండు గీతలు, అది రోడ్డు. ఇవతల ఒక చుక్క, అది మా పాప. ఆ పొద్దున్నే మా ఆయన వాచీ పెట్టుకుని పాప వేలు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడి చూశాను. దాటడానికి సందు దొరికేసరికి నాలుగు నిమిషాలు. మిషను ఆగాలంటే ఊరికే అంకెలు లెక్కపెట్టమనాలి. వెయ్యి లెక్కపెట్టేసరికి గడియారంలో ఒక సెకను. నోటుబుక్కులో హెచ్చవేసి చూసుకున్నాను. రెండు లక్షల నలభై వేలు. కొట్టి, మిషను రాతలు దాచే క్యాసెట్టులోకి ఎక్కించాను.

శనివారం మీటింగుకు షట్టరు గది నిండిపోయింది. నాలుగు స్లైడ్లూ చకచకా నడిచాయి. ఐదోసారి బావ మీట నొక్కగానే నా రోడ్డు వచ్చింది, చుక్క వచ్చింది, అక్కడే నిలబడింది. బావ మళ్లీ నొక్కాడు. ఏమీ కదల్లేదు.

"ఏంది సార్, గాడి తప్పిందా మీ డబ్బా?"

రామమోహనరావు గారు గబగబా లేచారు. "హ్యాంగయినట్టుందండీ" అంటూ స్విచ్చి మీద చెయ్యి వేశారు.

"ముట్టుకోకుండ్రి సార్!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చెడిపోలే. పాప ఆగింది. లారీలు పోతున్నయి."

"ఎనిమిదో తరగతి ఇంజనీరు" అని బావ పళ్లు కొరికాడు. "ఇజ్జత్ తీస్తివి గదనే ఆండాలు!"

ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. "ఎంతసేపమ్మా?"

"ఇంక మూడు నిమిషాలు సార్."

"అంతసేపు చూస్తూ కూర్చోమంటావా?"

"ఆరేండ్ల పిల్ల నిలబడతది సార్ రోజూ. మీరు కూసోనే ఉన్నరు."

ఫ్యాను చప్పుడొక్కటే. ఎవరో దగ్గారు. వెనక కూర్చున్న పక్కింటి ఐలమ్మ తన మనవడిని ఒళ్లోకి లాక్కుంది. ఆఫీసరు కాలు మీది కాలు తీసి కింద పెట్టాడు. ఒక్కొక్క నిమిషం ఎంత పొడుగుంటుందో నాకూ అప్పుడే తెలిసింది. చివరికి చుక్క కదిలి అవతలి గీత దాటింది. ఎవరో "హమ్మయ్య" అన్నారు. అది బావ గొంతే అనుకుంటాను.

"బడి టైముకు ఒక కానిస్టేబుల్ని నిలబెట్టుండ్రి సార్" అన్నాను. ఆఫీసరు మాట ఇవ్వలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు.

సోమవారం పాపను తీసుకుని వెళితే రోడ్డు మీద కానిస్టేబులు ఉన్నాడు. చెయ్యెత్తాడు. లారీలు ఆగాయి. పన్నెండు లెక్కపెట్టేసరికి అవతల ఉన్నాం.

అతను దసరా సెలవుల దాకా వచ్చాడు. తర్వాత ఒకరోజు వచ్చి రెండు రోజులు మానేశాడు. కార్తీకంలో పూర్తిగా రావడం మానేశాడు. మళ్లీ వాచీ పెట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. ఆఫీసరును ఇంకొకసారి పిలవమని బావను అడిగితే, ఈసారి ఎదురు చెప్పలేదు.

"క్యాసెట్టు మీద పిల్లలెవరో వేరేది ఎక్కించేశారండీ" అన్నారు రామమోహనరావు గారు బాధగా.

పరవాలేదు, ఆ తొమ్మిది వరుసలూ నా నోటుబుక్కులో ఉన్నాయి. కూర్చుని అన్నీ ఉన్నవి ఉన్నట్టే కొట్టాను, ఒక్కటి తప్ప. ఇప్పుడు లారీలు పెరిగాయి. మూడు లక్షల అరవై వేలు వేశాను.