మునక్కాడ పిప్పి

మునక్కాడ పిప్పిని కంచం అంచున కుప్ప పోసి, మూడు ముద్దల సాంబారన్నం మిగిల్చి రాఘవేందర్ లేచాడు. అదే కంచంలో రజిత తినాలి. అల్వాల్‌లోని ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా ఇదే ఆనవాయితీ. కొత్తలో ఒకసారి వేరే కంచం తీసుకుంటే అత్త అనసూయమ్మ నవ్వుతూనే చేతిలోంచి లాక్కుంది. "మొగని ఎంగిలికి ఏవగిస్తే ఎట్ల బిడ్డా? నేను ముప్పై ఏండ్లు తిన్న. ఏమన్న సచ్చిన్నా?"

చావలేదు, నిజమే. రజితా చావలేదు. పిప్పి పక్కకు నెట్టి, అతని నోటి తడి తగిలిన మెతుకుల మీద వేడన్నం కప్పి, ముద్దకో గుక్క నీళ్లు తాగి దించుకుంటుంది. సికింద్రాబాద్‌లోని ఒక పెద్దాసుపత్రిలో ఆమె ఉద్యోగం, జనం ఎలా మింగుతున్నారో చూడడం. ఆమె ఎలా మింగుతోందో ఇంట్లో ఎవరూ చూడలేదు.

ఆ ఏడాది ఆసుపత్రిలో ఒక పరిశోధన నడుస్తోంది. గొంతు జబ్బుతో మింగలేనివాళ్లు ఒక గుంపు, లావైపోతామన్న భయంతో తిండి మానేసినవాళ్లు ఇంకో గుంపు. నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన శ్రీలలిత రెండింట్లోనూ ఇమడలేదు. ముప్పై రెండేళ్ల మనిషి, ముప్పై ఆరు కిలోలు. ఇంట్లో ముద్ద నోట్లోనే ఆగిపోతుంది. ఇక్కడ మాత్రం ఎక్స్‌రే తెర ముందు కూర్చోబెట్టి తెర మీద కనబడేలా బేరియం మందు కలిపిన బిస్కెట్లు పెడితే నాలుగూ చక్కగా మింగి, ఇంకోటి ఉందా అని సిగ్గుపడుతూ అడిగింది. భర్త కామరాజు తల పట్టుకున్నాడు. ఇది నాటకం కాకపోతే ఏమిటని రజితనే నిలదీశాడు. శుక్రవారంలోగా కారణం దొరక్కపోతే పొట్టకు రంధ్రం వేసి గొట్టం పెట్టక తప్పదని పరిశోధన నడిపే డాక్టర్ డోరా తేల్చేసింది.

రజితకు నిద్ర పట్టలేదు. గొంతు అదే, మనిషి అదే. మారింది తిండి ఒక్కటే. రోజూ పెట్టేదే, పెట్టేలాగే డబ్బాలో సర్ది తెమ్మని పొద్దున్నే కామరాజుకు ఫోన్ చేసింది.

అతను స్టీలు డబ్బా తెచ్చాడు. పప్పన్నం. రజిత బేరియం కలిపి ముద్ద నోట్లో పెట్టింది. తెర మీద నల్లటి ముద్ద నాలుక మీదే కూర్చుంది. అర నిమిషం గడిచినా గొంతు కదల్లేదు. శ్రీలలిత కళ్లలో నీళ్లు తిరిగాయి. రజిత గరిటెతో డబ్బా కలిపింది. అడుగున నమిలి ఊసిన మునక్కాడ పీచు, సగం కొరికిన మిరపకాయ.

ఇదేమిటని అడిగింది.

"మీరే అన్నారు కదండీ, రోజూ పెట్టేలాగే తెమ్మని," అన్నాడు కామరాజు ఎక్స్‌రే గది అద్దం అవతల నుంచి, అమాయకంగా. "నేను తినగా ఉంచినదే. మా అమ్మ కూడా నాన్నగారి విస్తట్లోనే తినేదండి."

రజిత డబ్బా మూత పెట్టేసింది. ముద్ద ఉమ్మించి, క్యాంటీన్ నుంచి అలాంటి పప్పన్నమే శుభ్రమైన పళ్లెంలో తెప్పించి, బేరియం కలిపి పెట్టింది. మొదటి ముద్ద సర్రున దిగింది. రెండోది, మూడోది కూడా. చూస్తున్న డాక్టర్ డోరా గొట్టం మాట ఎత్తకుండా బయటికి నడిచింది.

పరిశోధన పత్రంలో నలభై ఎనిమిది ప్రశ్నలున్నాయి. ఎవరి కంచంలో తింటారన్న ప్రశ్న లేదు. ఇతర వివరాలు అన్న చోట రజిత అదే రాస్తుంటే శ్రీలలిత మెల్లగా అడిగింది. "మీరెవరి కంచంలో తింటారు మేడమ్?"



ఆదివారం మధ్యాహ్నం మళ్లీ మునక్కాడ సాంబారే. రజిత అరలోంచి కొత్త కంచం తీసి, ముందుగా తనే వడ్డించుకుని కూర్చుంది. అనసూయమ్మ చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. "ఏందీ, గిట్ల షురూ జేసినవ్?" అన్నాడు రాఘవేందర్. రజిత ముద్ద నమిలి మింగింది. నీళ్ల గ్లాసు పెట్టుకోవడమే మర్చిపోయింది.

"ఆకలైంది," అంది.

అతను ముఖం ముడుచుకుని తిన్నాడు. అలవాటుగా మూడు ముద్దలు వదిలి కంచం ఆమె వైపు నెట్టాడు. రజిత దాన్ని తిరిగి అతని ముందుకే జరిపింది. "అన్నం పారేయొద్దు. మీరే తినుండ్రి."

రాఘవేందర్ వంగి చూశాడు. చల్లారిన మెతుకులు, వాటి మీదికి జారిన పిప్పి. ముక్కు చిట్లించాడు.

"ఛీ, గీ పిప్పిల అన్నం ఎవరు తింటరు?"

వంటింటి గుమ్మంలోంచి జవాబొచ్చింది. అనసూయమ్మ కొడుకు ముఖం చూడకుండా, నేల చూస్తూ అంది.

"ముప్పై ఏండ్లు నేను తిన్న బిడ్డా. తొమ్మిదేండ్ల సంది నీ పెండ్లాం తిన్నది."